విశాఖలో ఫుట్‌బాల్ క్లబ్ నడపాలంటే: సంతకానికి ముందు చూసుకోవాల్సిన లెక్కలు, పన్నులు

క్లబ్ ఎంత పన్ను కట్టాలన్నది రిటర్ను వేసే రోజున తేలేది కాదు. జెర్సీ మీద లోగో కోసం స్పాన్సర్‌తో, ఆట కోసం ఆటగాడితో, గదుల కోసం ఇంటి ఓనరుతో రాసుకున్న కాగితాల్లోనే అది తేలిపోయి ఉంటుంది. ఏడాది చివర ఫైళ్ల సంచీ తెచ్చి ముందు పెడితే ఆడిటర్ లెక్క కట్టగలరు తప్ప ఒప్పందాన్ని తిరగరాయలేరు. రాష్ట్ర స్థాయి నుంచి జాతీయ లీగుల్లో కింది అంచె అయిన ఐ-లీగ్ 3 వైపు అడుగు వేయాలనుకునే విశాఖ క్లబ్ నిర్వాహకులు ఏ కాగితంలో ఏ మాట ముందే రాయించుకోవాలో ఇక్కడ చెబుతున్నాం.

ముందుగా సెక్షన్ నంబర్ల సంగతి. 2026 ఏప్రిల్ 1 నుంచి 2025 నాటి కొత్త ఆదాయపు పన్ను చట్టం అమలు. అందులో టీడీఎస్ (డబ్బు ఇచ్చేవారే ముందుగా కోసి కట్టే పన్ను) నిబంధనలన్నీ 392, 393 సెక్షన్లలోకి చేరాయి. అయినా ఆఫీసుల్లో, పాత ఒప్పందాల్లో అందరి నోటా 1961 చట్టం నంబర్లే ఉన్నాయి కాబట్టి ఇక్కడా అవే వాడాం. ఉదాహరణల్లోని క్లబ్ మొత్తాలు లెక్క అర్థం కావడానికి వేసుకున్నవే.

సొసైటీయా, కంపెనీయా

ఏడుగురు సభ్యులుంటే ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం, 2001 కింద సొసైటీ పెట్టుకోవచ్చు. ఖర్చు తక్కువ, పని తేలిక. అందుకే చాలామంది అటు మొగ్గుతారు. పిల్లల అకాడమీకి, జిల్లా స్థాయి జట్టుకు అది సరిపోతుంది. ఆటగాళ్లకు జీతాలిచ్చి, స్పాన్సర్లను తెచ్చుకుని, రేపు ఒక పెట్టుబడిదారుడికి వాటా ఇవ్వాలనుకునే క్లబ్‌కు సరిపోదు, సొసైటీలో అమ్మడానికి వాటాలే ఉండవు. ప్రొఫెషనల్ జట్టుకు ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీయే మేలని మా అభిప్రాయం. 115బీఏఏ కింద తక్కువ రేటు ఎంచుకున్న కంపెనీకి లాభం మీద పన్ను 22 శాతం, దాని మీద 10 శాతం సర్‌చార్జి, ఆపైన 4 శాతం సెస్సు కలిపి 25.168 శాతం. పరిమిత బాధ్యత భాగస్వామ్య సంస్థ (ఎల్‌ఎల్‌పీ) అయితే సెస్సుతో 31.2 శాతం.

విశాఖలో ఈ నిర్ణయాన్ని మరింత జాగ్రత్తగా తీసుకోవాలి. ఉక్కు కర్మాగారం, హెచ్‌పీసీఎల్ రిఫైనరీ, షిప్‌యార్డు, పోర్టు ఉన్న ఊరు కాబట్టి క్లబ్ పెట్టేవారి ఆలోచన మొదట సీఎస్‌ఆర్ (కంపెనీలు సామాజిక బాధ్యత కింద ఖర్చు పెట్టే) నిధుల మీదికి పోతుంది. కంపెనీల చట్టం ఏడో షెడ్యూలులో గ్రామీణ క్రీడలు, జాతీయ గుర్తింపు ఉన్న క్రీడలు, ఒలింపిక్, పారాలింపిక్ క్రీడల్లో శిక్షణకు చోటుంది. అయితే ఆ డబ్బు మామూలు ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీకి రాదు. 12ఏబీ (ధార్మిక సంస్థకు పన్ను మినహాయింపు), 80జి (దాతకు పన్ను రాయితీ) రిజిస్ట్రేషన్లు, మూడేళ్ల పనితీరు, సీఎస్‌ఆర్-1 ఫారం నమోదు ఉన్న ట్రస్టు, సొసైటీ లేదా సెక్షన్ 8 (లాభాపేక్ష లేని) కంపెనీ కావాలి. ఇంకో అడ్డంకి కూడా ఉంది. తన ఉత్పత్తులకు, సేవలకు ప్రచారం ఆశించి కంపెనీ ఇచ్చే స్పాన్సర్‌షిప్‌ను సీఎస్‌ఆర్ కింద లెక్కించకూడదని నిబంధనలే చెబుతున్నాయి. ‘సీఎస్‌ఆర్ నిధులు ఇవ్వండి, జెర్సీ ముందు మీ లోగో వేస్తాం’ అని ఉత్తరం రాస్తే, అవతలి కంపెనీ ఫైనాన్స్ విభాగంలో ఆ ఫైలు అక్కడే ఆగిపోతుంది.

దారి ఏమిటంటే, రెండు సంస్థలు పెట్టుకోవడం. ప్రొఫెషనల్ జట్టుకు కంపెనీ, పిల్లల శిక్షణకు ట్రస్టు లేదా సెక్షన్ 8 కంపెనీ. క్రీడల ప్రోత్సాహం ధార్మిక ప్రయోజనమేనని కేంద్ర ప్రత్యక్ష పన్నుల బోర్డు 1984 సెప్టెంబరులోనే 395వ సర్క్యులర్‌లో చెప్పింది. సెక్షన్ 2(15) ప్రకారం మాత్రం వ్యాపార తరహా వసూళ్లు మొత్తం రాబడిలో 20 శాతం దాటితే ఆ ఏడాది మినహాయింపు పోతుంది. బ్యాంకు ఖాతాలు, కోచ్‌ల జీతాలు, బంతులు, బూట్ల బిల్లులు దేనివి దానికే ఉండాలి. ట్రస్టు డబ్బుతో అద్దెకు తీసుకున్న మైదానంలో కంపెనీ జట్టు ఉచితంగా సాధన చేసిందంటే, స్థాపకుల సొంత సంస్థకు లబ్ధి చేకూర్చారని సెక్షన్ 13 కింద మినహాయింపే ప్రమాదంలో పడుతుంది. గంటల లెక్కన మార్కెట్ రేటుకు అద్దె బిల్లు వేయండి, నెల నెలా చెల్లించండి.

స్పాన్సర్ ఒప్పందం: ‘పన్నుతో కలిపి’ అన్న ఒక్క మాట

క్లబ్‌కు అత్యధిక రాబడి ఇక్కడి నుంచే వస్తుంది, అత్యధిక నష్టం కూడా ఇక్కడే జరుగుతుంది. స్పాన్సర్‌షిప్ మీద జీఎస్టీ 18 శాతం. జెర్సీ స్పాన్సర్ 25 లక్షలకు ఒప్పుకున్నాడనుకుందాం. ఒప్పందంలో ‘జీఎస్టీ అదనం’ అని ఉంటే మీరు 25 లక్షలకు 4.5 లక్షల పన్ను కలిపి బిల్లు ఇస్తారు. ఏ మాటా రాయకపోయినా, ‘అన్ని పన్నులతో కలిపి 25 లక్షలు’ అని రాసినా అందులో పన్ను 3,81,356 పోయి మీకు మిగిలేది 21,18,644. అంత తేడాతో ఒక ఫిజియోకి సీజనంతా జీతం ఇవ్వొచ్చు.

ఆ పన్ను ఎవరు కట్టాలన్నది 2025 జనవరి 16 నుంచి మారింది. అంతకుముందు స్పాన్సర్ కంపెనీయే రివర్స్ చార్జి (సేవ పొందినవారే పన్ను కట్టే పద్ధతి) కింద కట్టేది. ఇప్పుడు స్పాన్సర్‌షిప్ ఇచ్చే క్లబ్ కంపెనీ అయితే క్లబ్బే వసూలు చేసి కట్టాలి. క్లబ్ సొసైటీ లేదా ట్రస్టు అయితే పాత పద్ధతే: కంపెనీ లేదా భాగస్వామ్య సంస్థ అయిన స్పాన్సర్ కడుతుంది. మన చేతికి పని తప్పింది కదా అనుకోవద్దు. రివర్స్ చార్జి కిందికి వెళ్లే అమ్మకాన్ని ఇన్‌పుట్ క్రెడిట్ (కొనుగోళ్ల మీద కట్టిన జీఎస్టీని అమ్మకాల పన్నులో సర్దుకోవడం) లెక్కలో మినహాయింపు అమ్మకంగానే చూస్తారు. అంటే బస్సు, పరికరాలు, ఏజెన్సీ బిల్లుల మీద మీరు కట్టిన జీఎస్టీలో ఆ మేరకు వెనక్కి రాదు. కంపెనీ రూపం మేలనడానికి ఇది రెండో కారణం.

సేవలకు జీఎస్టీ రిజిస్ట్రేషన్ పరిమితి ఏడాదికి 20 లక్షలు. ఒక్క పెద్ద స్పాన్సర్ వస్తే దాటేస్తారు కాబట్టి ఒప్పందం మాట్లాడుకుంటున్నప్పుడే రిజిస్ట్రేషన్‌కు పెట్టుకోండి.

వాయిదాల తేదీలు రాసేటప్పుడూ జాగ్రత్త. ఏడాది పొడవునా సాగే సేవకు ఒప్పందంలో చెల్లింపు తేదీ స్పష్టంగా ఉంటే ఆ తేదీలోగా బిల్లు వేయాలి. బిల్లు వేశాక డబ్బు వచ్చినా రాకపోయినా మరుసటి నెల 20న జీఎస్టీ కట్టాల్సిందే. రెండో వాయిదా 10 లక్షలకు సెప్టెంబరు 1 అని రాసుకుని, స్పాన్సర్ డిసెంబరులో ఇస్తే, 1.8 లక్షలు మీ జేబులోంచి ముందే పోయాయన్నమాట. తేదీకి బదులు ‘ఐదో మ్యాచ్ ముగిశాక’ వంటి ఘట్టానికి ముడిపెట్టి రాయించుకోండి, ఆ ఘట్టం పూర్తయిన నాటికి చెల్లింపు అందాలని కూడా రాయించుకోండి.

స్పాన్సర్ సాధారణంగా ప్రకటన పని కింద 194సి ప్రకారం 2 శాతం టీడీఎస్ పట్టుకుంటాడు. జీఎస్టీని బిల్లులో విడిగా చూపిస్తే 25 లక్షల మీదే 50,000 కోత పడుతుంది. విడిగా చూపకపోతే పన్ను మీద కూడా కోత పడుతుంది. మూడు నెలలకోసారి 26ఏఎస్ (పాన్ మీద జమైన పన్నుల పట్టిక) తెరిచి ఆ మొత్తం మీ పాన్ మీద కనిపిస్తోందా లేదా చూసుకోండి. లేకపోతే వెంటనే అడగండి, ఏడాది దాటాక అవతలి అకౌంటెంట్‌తో రిటర్ను సవరింపించడం గగనం.

డబ్బు బదులు కిట్లు ఇచ్చే స్పాన్సర్ ఉంటే అది ఉచితం కాదు. 3 లక్షల కిట్లకు బదులుగా మీరు లోగోకు చోటు ఇచ్చారంటే రెండు వైపులా సరఫరా జరిగినట్టే. ఇద్దరూ బిల్లులు ఇచ్చిపుచ్చుకోవాలి, మార్కెట్ ధర మీద జీఎస్టీ లెక్క కట్టాలి.

ఆటగాడికి జీతమా, ఫీజా

2008 ఆగస్టులో పన్నుల బోర్డు ఆటగాళ్లు, రిఫరీలు, కోచ్‌లు, ట్రైనర్లు, జట్టు వైద్యులు, ఫిజియోలను 194జె (వృత్తి ఫీజు మీద టీడీఎస్) కిందికి తెచ్చింది. దాన్ని పట్టుకుని అందరికీ 10 శాతం కోసి ‘ప్రొఫెషనల్ ఫీజు’ అని రాసేసే క్లబ్‌లు ఉన్నాయి. పీఎఫ్ తప్పుతుందనేది వాళ్ల ఆలోచన. సాధన వేళలు క్లబ్ నిర్ణయిస్తే, వేరే జట్టుకు ఆడకూడదని షరతు ఉంటే, నెల నెలా స్థిరంగా డబ్బు ఇస్తుంటే, పైన ఏ పేరు పెట్టినా అది ఉద్యోగమే. పూర్తి సీజన్ ఆటగాళ్లను జీతగాళ్లుగానే రాసుకోండి. వారానికి రెండుసార్లు వచ్చి వెళ్లే ఫిజియో, ఒక్క టోర్నీకి వచ్చే విశ్లేషకుడు వంటివారికి 194జె సరైనది. ఏడాదికి 50,000 దాటితే 10 శాతం.

జీతమైతే ఆటగాడికీ మేలే. గాజువాక నుంచో భీమిలి నుంచో వచ్చిన కుర్రాడికి నెలకు 30,000 అనుకుందాం. ఏడాదంతా ఇచ్చినా 3.6 లక్షలు. కొత్త పన్ను విధానంలో జీతగాళ్లకు 12.75 లక్షల దాకా పన్ను పడదు కాబట్టి కోత సున్నా. ఫీజుగా ఇస్తే 36,000 కోసి, అతను రిటర్ను వేసి వెనక్కి తెచ్చుకునేదాకా ఆగాలి. పాన్ ఇవ్వకపోతే కోత 20 శాతం. కాబట్టి ట్రయల్స్‌లో ఎంపికైన రోజే పాన్, ఆధార్, బ్యాంకు పాసుపుస్తకం తీసుకోండి. మన రాష్ట్రంలో వృత్తి పన్ను కూడా ఉంది: జీతం 15,000 దాటి 20,000 దాకా ఉంటే నెలకు 150, 20,000 దాటితే 200. పదిమంది ఉంటే ఈఎస్‌ఐ, 21,000 లోపు జీతాలకు యజమాని వాటా 3.25 శాతం, ఉద్యోగి వాటా 0.75. ఇరవైమంది ఉంటే పీఎఫ్.

ఇక గదుల సంగతి. ఎంవీపీ కాలనీలో మూడు ఫ్లాట్లు, ఒక్కోటి 25,000 చొప్పున క్లబ్ పేరున తీసుకున్నారు. ఓనర్ మామూలు మనిషి, జీఎస్టీ లేదు, కాబట్టి పన్ను లేదనుకుంటారు. 2022 జులై 18 నుంచి, జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉన్నవారు నివాస గృహం అద్దెకు తీసుకుంటే అద్దెదారే రివర్స్ చార్జి కింద 18 శాతం కట్టాలి. 75,000 మీద నెలకు 13,500, ఎనిమిది నెలల సీజన్‌కు 1,08,000. ఇన్‌పుట్ క్రెడిట్‌తో సర్దుబాటు కుదరదు, నగదుగానే కట్టాలి. దీన్ని బడ్జెట్లో రాసుకోని క్లబ్‌లే ఎక్కువ. మైదానం విషయంలోనూ అంతే: జీవీఎంసీ స్టేడియం అద్దెకు తీసుకుంటే అది స్థానిక సంస్థ కాబట్టి రిజిస్టర్డ్ క్లబ్బే రివర్స్ చార్జిలో పన్ను కట్టాలి. ప్రైవేట్ టర్ఫ్ యజమానికి జీఎస్టీ ఉంటే ఆయనే బిల్లులో వేస్తాడు. ఎవరి మైదానమో చూసుకుని బడ్జెట్ వేయండి.

విదేశీ ఆటగాడు

ఏజెంటు ‘చేతికి 30 లక్షలు’ అంటాడు. ఆ మాట ఒప్పందంలోకి వెళ్తే పన్ను మీ నెత్తిన పడుతుంది. భారత పౌరుడు కాని, ఇక్కడ నివాసి హోదా రాని ఆటగాడికి ఇక్కడి ఆట మీద వచ్చే ఆదాయంపై 115బీబీఏ ప్రకారం 20 శాతం, సెస్సుతో 20.8. ఖర్చుల మినహాయింపు లేదు. 194ఇ కింద క్లబ్ కోయాలి. 195ఏ ప్రకారం పన్నును తిరిగి కలిపి లెక్కించాలి: 30,00,000 ను 0.792 తో భాగిస్తే 37,87,879. అంటే పన్ను 7,87,879. చాలామంది 30 లక్షల మీద 20.8 శాతం, 6,24,000 అని లెక్క వేస్తారు. అక్కడ 1,63,879 తక్కువ పడుతుంది, తరవాత నోటీసుతో వడ్డీ కలిపి వస్తుంది.

ఆటగాడి దేశంతో ద్వంద్వ పన్ను ఒప్పందం ఉంది కదా అని కోయడం మానొద్దు. 1996 ప్రపంచ కప్ క్రికెట్ చెల్లింపుల మీద పిల్‌కామ్ కేసులో సుప్రీంకోర్టు 2020 ఏప్రిల్‌లో ఇచ్చిన తీర్పు ప్రకారం 194ఇ కింద కోసే బాధ్యత ఒప్పందంతో నిమిత్తం లేకుండా ఉంటుంది. ఆ లబ్ధి గ్రహీత రిటర్నులో అడిగి తెచ్చుకోవాలి.

రోజుల లెక్క కూడా ముఖ్యం. ఆర్థిక సంవత్సరంలో 182 రోజులు ఇక్కడ ఉంటే అతను నివాసి అవుతాడు. అప్పుడు 20 శాతం ప్రత్యేక రేటు పోయి శ్లాబు రేట్లు వర్తిస్తాయి. సెప్టెంబరు మొదట్లో దిగి మార్చి చివరిదాకా ఉన్నవాడు ఆ గీత దాటేస్తాడు. పాస్‌పోర్టు ముద్రల జిరాక్సులు ఫైల్లో పెట్టి, రాకపోకల పట్టిక ఒకటి నడపండి. కోచ్‌ను ఈ కోవలో కలపొద్దు. 115బీబీఏ ఆటగాళ్లకే, కోచ్‌కు లెక్క వేరు. విదేశానికి డబ్బు పంపేటప్పుడు 15సీఏ ఫారం, అవసరమైనచోట ఆడిటర్ ఇచ్చే 15సీబీ లేకుండా బ్యాంకు కదలదు. వాటికి వారం రోజులు ముందే మొదలుపెట్టండి.

బదిలీ ఫీజు, శిక్షణ సొమ్ము

ఆటగాడి కోసం మరో క్లబ్‌కు 24 లక్షలు ఇచ్చి మూడేళ్ల ఒప్పందం రాసుకుంటే, ఆ 24 లక్షలు ఆ ఏడాది ఖర్చు కాదు. అది క్లబ్ ఆస్తి, ఏడాదికి 8 లక్షల చొప్పున ఖర్చు రాస్తారు. ఒక ఏడాది తరవాత 20 లక్షలకు పంపితే పుస్తకాల్లో మిగిలిన విలువ 16 లక్షలు కాబట్టి లాభం 4 లక్షలు. కొన్న ధర కంటే తక్కువకు పంపి కూడా పుస్తకాల్లో లాభం చూపించే తీరు ఇదే. చేతిలోంచి పోయిన డబ్బు మాత్రం వేరే కథ. ఐరోపాలో ఎనిమిదేళ్ల దాకా ఒప్పందాలు రాసి ఈ ఖర్చును సన్నగా పరిచేయడం మొదలయ్యాక, 2023లో ఐరోపా ఫుట్‌బాల్ సమాఖ్య యూఈఎఫ్‌ఏ దాన్ని ఐదేళ్లకు పరిమితం చేసింది. బదిలీ, అరువు ఫీజులు రెంటి మీదా జీఎస్టీ 18 శాతం. ‘అదనం’ అన్న మాట ఇక్కడా తప్పనిసరి.

అకాడమీ ఉన్న క్లబ్‌లు వదులుకోకూడనిది ఇంకొకటి: సాలిడారిటీ వాటా. అంతర్జాతీయ బదిలీ ఫీజులో 5 శాతం ఆ ఆటగాణ్ని 12 నుంచి 23 ఏళ్ల మధ్య తీర్చిదిద్దిన క్లబ్‌లకు పోతుంది. 12 నుంచి 15 ఏళ్ల సీజన్లకు ఒక్కోదానికి ఫీజులో 0.25 శాతం, 16 నుంచి 23 దాకా ఒక్కోదానికి 0.5 శాతం. మీ దగ్గర 12 నుంచి 16 ఏళ్ల దాకా ఐదు సీజన్లు ఆడిన పిల్లవాడు ఎప్పుడో కోటి రూపాయలకు విదేశీ క్లబ్‌కు వెళ్తే మీ వాటా 1.5 శాతం, లక్షన్నర. 2022 నవంబరు నుంచి ప్యారిస్‌లోని ఫిఫా క్లియరింగ్ హౌస్ దీన్ని ఆటగాడి ఎలక్ట్రానిక్ పాస్‌పోర్టు (ఏ వయసులో ఏ క్లబ్‌లో ఉన్నాడన్న రికార్డు) చూసి పంచుతోంది. పన్నెండేళ్ల వయసులోనే సమాఖ్య రిజిస్ట్రేషన్ వ్యవస్థలో పేరు ఎక్కించకపోతే ఆ సీజన్లు మీవని చూపడానికి ఆధారం ఉండదు. మైదానంలో మీ జెర్సీతో దిగిన ఫొటోలు చెల్లవు.

టిక్కెట్లు, నెలవారీ నగదు

టిక్కెట్ ధర మనిషికి 500 దాకా ఉంటే జీఎస్టీ లేదు. కానీ అది మినహాయింపు అమ్మకం కాబట్టి ఆ మేరకు ఇన్‌పుట్ క్రెడిట్ వెనక్కి కట్టాలి. 500 దాటితే గుర్తింపు పొందిన క్రీడా పోటీకి 18 శాతం. ఐపీఎల్ తరహా పోటీలకు 2025 సెప్టెంబరు 22 నుంచి 40 శాతం. కాబట్టి ధర 500 దాటించే ముందు మీ పోటీ ఏ కోవలోకి వస్తుందో రాతపూర్వకంగా తేల్చుకోండి. అమ్మే జెర్సీ 2,500 లోపు ఉంటే 5 శాతమే.

నగదు ప్రవాహాన్ని ఇలా చూడండి. 24 మంది ఆటగాళ్లకు సగటున 30,000, ఐదుగురు సిబ్బందికి 50,000 అనుకుంటే నెలకు 7.2, 2.5 కలిపి 9.7 లక్షలు. ఎనిమిది నెలలకు 77.6 లక్షలు. మొత్తం రాబడి కోటి అయితే జీతాలకే 77.6 శాతం పోతోంది. ఇంకా ప్రయాణం, మైదానం, ఫ్లాట్లు రాలేదు. యూఈఎఫ్‌ఏ తన పోటీల క్లబ్‌లకు జట్టు ఖర్చు మీద పెట్టిన గీత 70 శాతం, మీరూ ఆ గీత దగ్గరే ఆగండి. రెండు నెలల జీతాలు, 19.4 లక్షలు, వేరే ఖాతాలో తాకకుండా ఉంచండి. రెండే ఎందుకంటే, రెండు నెలల జీతం బాకీ పడితే, 15 రోజుల గడువుతో రాతపూర్వక నోటీసు ఇచ్చి ఒప్పందాన్ని తెంచుకునే హక్కు ఆటగాడికి ఫిఫా నిబంధనల్లోని 14బిస్ అధికరణం ఇస్తుంది. లీగులో ఆడే అనుమతికి అవసరమైన క్లబ్ లైసెన్సింగ్‌లోనూ ఆటగాళ్లకు, ఇతర క్లబ్‌లకు బాకీలు లేవని చూపాలి. మైదానం విషయం కూడా లైసెన్సింగ్‌లో భాగమే. 2020లో విశాఖ పేరు మీద ఐ-లీగ్‌లో నేరుగా చోటు దక్కించుకున్న శ్రీనిధి క్లబ్ చివరికి హైదరాబాద్‌లోని దక్కన్ అరీనాలో ఆడింది. ఈ ఊళ్లో జట్టు నిలవాలంటే మైదానం ఒప్పందం కనీసం సీజన్‌కు సరిపడా చేతిలో ఉండాలి.

నెలలో గుర్తుంచుకోవాల్సిన తేదీలు మూడు. 7న టీడీఎస్, 15న పీఎఫ్, ఈఎస్‌ఐ, 20న జీఎస్టీ. మార్చి టీడీఎస్‌కు మాత్రం ఏప్రిల్ 30 దాకా గడువు. జులై 31న కోసిన టీడీఎస్‌ను ఆగస్టు 8న కడితే ఆలస్యం ఒక్క రోజే, కానీ నెలలో ముక్క కూడా పూర్తి నెలే కాబట్టి రెండు నెలల వడ్డీ, 1.5 శాతం చొప్పున 3 శాతం పడుతుంది. మూడు నెలలకోసారి వేసే టీడీఎస్ రిటర్ను ఆలస్యమైతే రోజుకు 200. స్వదేశీ చెల్లింపు మీద అసలు కోయకపోతే ఆ ఖర్చులో 30 శాతం, విదేశీ చెల్లింపయితే మొత్తం ఖర్చు లెక్కలోంచి పోతుంది. మ్యాచ్ రోజు ఖర్చుల్లో ఒకే మనిషికి రోజుకు 10,000 దాటి నగదు ఇస్తే అదీ ఖర్చుగా ఒప్పుకోరు. బస్సు, భోజనాలు, బందోబస్తు అన్నీ ఖాతా నుంచే చెల్లించండి.

నష్టాలను కాపాడుకోవడం

మొదటి కొన్నేళ్లు నష్టం సహజం. ఆ నష్టాన్ని ఎనిమిదేళ్ల దాకా ముందుకు తీసుకెళ్లి భావి లాభంతో సర్దుకోవచ్చు. దానికి గడువులోగా రిటర్ను వేసి ఉండాలి. కంపెనీకి అది అక్టోబరు 31. ఒక్క రోజు దాటినా ఆ ఏడాది వ్యాపార నష్టం ముందుకు పోదు. పన్ను ఎలాగూ లేదు కదా అని రిటర్నును నిర్లక్ష్యం చేసేది సరిగ్గా ఈ నష్టాల ఏళ్లలోనే.

ఇంతకంటే పెద్ద గండి సెక్షన్ 79. మూడేళ్లలో 40, 55, 35 లక్షల చొప్పున 1.3 కోట్ల నష్టం పేరుకుందనుకుందాం. నాలుగో ఏడు పెట్టుబడిదారుడు వచ్చి 60 శాతం వాటా తీసుకున్నాడు. నష్టం వచ్చిన ఏడాది చివరి రోజున ఉన్న వాటాదారుల చేతిలో, సర్దుబాటు చేసుకునే ఏడాది చివరి రోజున కూడా కనీసం 51 శాతం ఓటు హక్కు ఉండాలి. అది లేదు కాబట్టి 1.3 కోట్ల నష్టమూ పోతుంది. రేపటి పన్నులో దాని విలువ 25.168 శాతం చొప్పున దాదాపు 32.72 లక్షలు. లాభంతో సర్దుకోకుండా మిగిలిన తరుగుదల మొత్తానికి మాత్రం ఈ సెక్షన్ అడ్డు రాదు. కొత్త డబ్బు తీసుకునేటప్పుడు మొదటి విడతను 49 శాతానికి ఆపండి. మిగతాది ఓటు హక్కు లేని వాటాలుగానో, బ్యాంకు ద్వారా వచ్చిన అప్పుగానో రాసుకోండి. మార్చి 31 సాయంత్రానికి వాటాదారుల రిజిస్టరులో ఎవరి పేరు మీద ఎంత ఉందో ఆడిటర్‌తో సంతకం చేయించి ఫైల్లో పెట్టండి.